తిరిగి అడగనని రాసిచ్చిన కాగితం

పదకొండో వారం

"ఇయ్యను మామయ్యా" అని కోడలు కృతిక ముఖం మీదే చెప్పేసి మెట్లెక్కి పైకి వెళ్లిపోయిన దగ్గర క్రితం వారం ఆగాం. అది శనివారం సాయంత్రం. ఆ రాత్రి నర్సింహ అన్నం ముట్టలేదు. ఆకలి లేక కాదు, తను తినకపోతే ఎవరైనా వచ్చి బతిమాలతారని. ఎవరూ రాలేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. నర్సింహ కరెంటు శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. నౌకరీలో ఉన్నన్నాళ్లూ నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసిందీ, రిటైరైన రోజున వచ్చిందీ కలిసి ఇప్పుడు ఎనభై లక్షలు. అందులో సుమారు సగం వేసింది, సగం పెరిగింది. నర్సింహకూ, భార్య ప్రమీలాదేవికీ ముసలితనానికి ఉన్నది అదే. అమ్మి తీసుకుంటే పెరిగినదాని మీద పన్ను కట్టాలి. ఏడాదికి లక్షా పాతిక వేల లాభం దాకా మాఫీ, ఆ పైన నూటికి పన్నెండున్నర. ముప్ఫై నాలుగేళ్లు ఊళ్లమీద పడి కరెంటు బకాయిలు వసూలు చేసిన మనిషికి, తాను సర్కారుకు కట్టాల్సి వచ్చేసరికి ప్రాణం మీదికొచ్చింది.

నిజానికి ఏడాదికింత అని, మాఫీ దాటకుండా తీసుకుంటూ పోతే ఏ గొడవా లేదు. తినడానికి పింఛను ఉంది. ఉండటానికి సొంత ఇల్లుంది. కానీ కొడుకు శ్రీకాంత్‌కు ఊళ్లో సహకార సొసైటీకి చైర్మన్ కావాలని కోరిక. పదమూడు మంది డైరెక్టర్లలో ఏడుగురు చేతిలో ఉంటే కుర్చీ దొరుకుతుంది. ఎన్నిక బుధవారం. అప్పటిదాకా ఆ ఏడుగురినీ ఎదుటివాళ్ల కంట పడకుండా ఎక్కడో రిసార్టులో మేపాలి. దాన్ని క్యాంపు అంటారు. ఆ క్యాంపుకు పద్నాలుగు లక్షలు కావాలి. నర్సింహ తన పేరున ఉన్న ఫండ్లలో కొన్ని జనవరిలోనే అమ్మి, ఏడాది మాఫీ మొత్తం వాడేసుకున్నాడు. ఇంక అమ్మితే పన్నే.

ఆ బాధలో ఉండగా సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీద పొద్దుటి నడకలో పాత సహోద్యోగి రాజశేఖర్ ఒక ఉపాయం చెప్పాడు. తన ఫండు యూనిట్లు కూతురి పేరున గిఫ్టుగా రాసేశాడట. కూతురికి సంపాదన లేదు. కాబట్టి లక్షా పాతిక మాఫీతో పాటు ఇంకో నాలుగు లక్షల లాభం దాకా ఆమెకు పన్నే పడదు. ఒక్క రూపాయి కట్టకుండా బయటపడ్డాడట.

నర్సింహ అవునవునంటూ విన్నాడు. లోపల మాత్రం నవ్వుకున్నాడు. పిచ్చోడు, కూతురికి రాసిచ్చాడు, అల్లుడింటికి పోయిన సొమ్ము మళ్లీ వస్తుందా అనుకున్నాడు. తనకూ ఒక కూతురుంది, పేరు సంహిత. సిద్దిపేటలోనే పాత బస్టాండ్ దగ్గర ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తుంది. ఆమెకు ఈ సంగతే తెలియనివ్వలేదు. కొడుకు ఖాతాలో వేస్తే ట్రాక్టర్ లోనువాళ్లు ముందే పట్టుకుపోతారు. కోడలైతే ఇంట్లోనే ఉంటుంది, చెప్పినట్టు వింటుంది, సంపాదన కూడా లేదు. అలా పద్నాలుగు లక్షల యూనిట్లు కృతిక పేరుకు మారాయి. ఆమె అమ్మింది, డబ్బు ఆమె ఖాతాలో పడింది, మామగారు అడిగారు, ఇవ్వనంది. అదీ కథ.

ఇప్పుడు ఆదివారం పొద్దున తొమ్మిది. హాల్లో ఫ్యాను కింద కుర్చీలో నర్సింహ. గుమ్మం పక్కన గోడకానుకుని శ్రీకాంత్. నేల మీద గోనెసంచి పరుచుకుని ప్రమీలాదేవి కొత్త చింతపండు కొడుతోంది. రాతి మీద కాయ పెట్టడం, చిన్న సుత్తెతో ఒక్క దెబ్బ వేయడం, గింజ అటు, పండు ఇటు. ఇల్లు కాలిపోతున్నా ఈమె చింతపండు కొట్టుకుంటూ కూర్చుంటుందని నర్సింహకు ఒళ్లు మండిపోతోంది. ఆ కోపం కూడా కోడలి మీదికే పోయింది.

"కృతికా! కిందికి రా!"

కృతిక దిగింది. చేతిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు.

"ఇయ్యాల సాయంత్రం లోపల పద్నాలుగు లక్షలు నా ఖాతల పడాలె" అన్నాడు నర్సింహ. "నిన్న నువ్వన్న మాట నేను ఇనలేదనుకుంట. నువ్వు అనలేదనుకో."

"నేనన్న మామయ్యా. మీరు ఇన్నరు."

"ఏందే ఆ మాట తీరు?" శ్రీకాంత్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "బాపుతోటి గట్లనేనా మాట్లాడేది? ఏడుగురు డైరెక్టర్లు బట్టలు సదురుకోని కూసున్నరు. రేపు పొద్దుగాల బండి ఎక్కియ్యకపోతే అవుతలోడు ఎక్కించుకపోతడు. నాది పరువు పోతది."

"మీ పరువుకు కిరాయి నేను కట్టాల్నా?"

శ్రీకాంత్ చెయ్యి ఎత్తబోయి, తల్లి సుత్తె ఆగడం విని దించేశాడు. ప్రమీలాదేవి కళ్లెత్తి కొడుకును ఒకసారి చూసి, మళ్లీ ఒక కాయ రాతి మీద పెట్టింది.

కృతిక ఫోల్డరు తెరిచి వంద రూపాయల స్టాంపు కాగితం తీసింది. పైకి చదివింది.

"'నా కోడలు శ్రీమతి కృతిక మీద నాకు గల ప్రేమాభిమానాల చేత, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి స్పృహతో ఈ యూనిట్లను బహుమతిగా ఇస్తున్నాను. వీటిని గానీ, వీటి మీద వచ్చే సొమ్మును గానీ నేను లేదా నా వారసులు ఎన్నటికీ తిరిగి అడగబోము.' మీరే చెప్పి రాయించిన్రు గదా మామయ్యా? 'ఎన్నటికీ' అన్న మాట లేదని రెండోసారి టైపు చేయించిన్రు. నేను పక్కనే ఉన్న."

"అది పన్ను కోసం రాసిన కాయిదం!" నర్సింహ కుర్చీ చేతి మీద గుద్దాడు. "కాయిదానికి ఏం తెలుస్తది? ఇంట్ల మనుషులకు తెలువదా అసలు ముచ్చట?"

"ప్రేమాభిమానాలు గూడ పన్ను కోసమేనా?"

"పదకొండేండ్ల సంది నా ఇంట్ల తింటున్నవ్..."

"వండి పెట్టి తింటున్న." కృతిక కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "సరే మామయ్యా. గిఫ్టు గాదు అంటున్నరు గదా. గదే ముచ్చట ఇంకో కాయిదం మీద రాయిండ్రి. 'నేను గిఫ్టు ఇయ్యలే, పన్ను ఎగ్గొట్టేటందుకు కోడలి పేరు వాడుకున్న' అని. కింద దస్కత్ పెట్టుండ్రి. గా కాయిదం నా చేతుల పెట్టినంక పైసల ముచ్చట మాట్లాడుదాం."

నర్సింహ రెండు వైపులా ఇరుక్కున్నాడు. గిఫ్టు నిజమంటే డబ్బు కోడలిది. గిఫ్టు అబద్ధమంటే తాను దొంగ. తేలు కుట్టిన దొంగలాగా అరవలేడు, ఊరుకోలేడు. నాకైతే ఆయన మీద ఇసుమంత జాలి కలగలేదు. తన తెలివికి తానే మురిసిపోయి ఆ 'ఎన్నటికీ' అన్న మాట పెట్టించుకున్న మనిషి ఆయన.

బయట స్కూటీ ఆగిన చప్పుడైంది. సంహిత లోపలికొచ్చింది. మార్చి నెలాఖరు కదా, ఆడిటర్ ఆఫీసుల్లో ఆదివారాలు కూడా ఉండవు. మెడలో ఆఫీసు కార్డు అలాగే ఉంది.

"నిన్నెవరు రమ్మన్నరు?" అన్నాడు నర్సింహ. కన్నకూతురు గడప దాటితే అడిగే మాట కాదు అది.

"నేనే పిలిచిన బాపు" అన్నాడు శ్రీకాంత్. "ఈమె అక్క మాటైతే ఇంటదని. అక్కా, నువ్వు గిదే పని చేస్తవ్ గదా. పైసలు బాపుయి, పేరే ఈమెదని జర సమఝాయించు."

సంహిత కృతిక చేతిలోని కాగితం తీసుకుని నిలబడే చదివింది. చివరిదాకా చదివి తండ్రి వైపు చూసింది. ఆ చూపులో కోపం కంటే ముందు నవ్వొచ్చింది, అది నర్సింహను ఇంకా మండించింది.

"కోడలికి రాసినవా బాపు? కోడలికా?"

"మరి ఎవరికి రాయాలె? నీకా?"

"నన్ను ఒక్క మాట అడుగుతే అయిపోవు."

"నీకెందుకు చెప్పాలె? ఇది మా ఇంటి ముచ్చట. పెండ్లయినంక నీ ఇల్లు నీది, మా ఇల్లు మాది. మొగునితోటి చెప్పవా నువ్వు, మీ బాపు దగ్గర గిన్ని లక్షలున్నయని?"

సంహిత ముఖం ఎర్రబడింది. ఈ మాట ఆమె మొదటిసారి వినడం లేదు. పెళ్లయిన పదిహేనేళ్లలో ఈ ఇంట్లో బీరువా తెరిచేముందు తల్లి వంటింట్లోకి పిలిచి ఏదో పని చెప్పడం, తండ్రి పాస్‌బుక్కు దిండు కింద పెట్టడం, అన్నీ చూసింది. ఎప్పుడూ మింగి ఊరుకుంది. ఈ పూట మింగలేదు.

"మంచిది బాపు. చట్టం గూడ అచ్చం నీలెక్కనే అంటది. పెండ్లయినా కాకున్నా పెద్దపెరిగిన బిడ్డ వేరు, ఆమె లెక్క వేరు అంటది. బిడ్డకు రాసిస్తే లాభం బిడ్డది, పన్నేమన్న ఉంటే బిడ్డది. రాజశేఖర్ సార్ గదే చేసిండు. మా ఆఫీసులనే చేసిండు, ఆయన కాయిదాలు నేనే చూసిన."

"అయితే?"

"కోడలు మాత్రం నీ మనిషే అంటది. పెండ్లానికి గిఫ్టు రాసినా, కోడలికి గిఫ్టు రాసినా, దాని మీద వచ్చిన లాభం తిరిగి రాసిచ్చినోని నెత్తికే చుట్టుకుంటది. కృతిక పేరు మీద అమ్మితే కృతిక అమ్మినట్టు గాదు, నువ్వు అమ్మినట్టే. ఆమెకున్న నాలుగు లక్షలు నీకు అక్కరకు రావు. నీ లక్షా పాతిక నువ్వు జనవరిలనే తిన్నవ్."

ప్రమీలాదేవి సుత్తెతో ఇంకో కాయ పగలగొట్టింది.

"లాభమెంత?" అని కృతికను అడిగింది సంహిత.

"ఐదు లక్షల పదివేలు వదినా."

సంహిత ఫోను తీసి లెక్క కట్టింది. "పన్ను, దాని మీద సెస్సు కలిపి అరవై ఆరు వేల మూడు వందలు. గిది నీ రిటర్నుల చూపియ్యాలె, నువ్వే కట్టాలె. గింతతోటి అయిపోలే. రేపు ఆమె గా పద్నాలుగు లక్షలు బ్యాంకుల ఏసుకోని వడ్డీ తీసుకున్నా, గా వడ్డీ మీద పన్ను గూడ నీకే వస్తది. పైసలు కోడలియి. పన్ను నీది. నీ చేతితోని నువ్వే రాసుకున్నవ్ బాపు."

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. కూతురిని నమ్మి ఉంటే, ఆమెకు జీతమున్నా, పన్ను కొంతైనా తగ్గేది. పోనీ, ఎవరినీ నమ్మక తన పేరునే అమ్ముకుని ఉంటే ఆ అరవై ఆరు వేలతో తేలేది, డబ్బయినా చేతిలో ఉండేది. ఇప్పుడు డబ్బూ పోయింది, పన్నూ మిగిలింది.

నర్సింహ కుర్చీలోంచి లేచాడు. ముఖం నల్లబడిపోయింది. "ఇద్దరు ఆడోళ్లు కలిసి నాటకం ఆడుతున్నరు నా ఇంట్ల. ఒకామె పైసలు పట్టుకుంటది, ఒకామె చట్టం పట్టుకస్తది. పదకొండేండ్లకు నీ బుద్ధి బయటపడ్డది కృతికా. మీ తల్లిగారోళ్లు నేర్పిన్రా?"

"మా తల్లిగారోళ్ల పేరు ఎత్తకుండ్రి మామయ్యా."

"ఎత్తుత! మీ తల్లిగారింటికి, బెజ్జంకికి పంపినవా పైసలు? మీ తమ్మునికి పంపినవా?"

"నీ ఫోను దే" అన్నాడు శ్రీకాంత్. "దే అంటున్న! ఎవనికి పంపినవో ఇప్పుడే చూస్త."

కృతిక పెనుగులాడలేదు. తానే ఫోను తెరిచి, బ్యాంకు పేజీ తీసి మొగుడి చేతిలో పెట్టింది. శ్రీకాంత్ చూశాడు. మళ్లీ చూశాడు. వేలితో పైకి కిందికి జరిపాడు.

"బాపు..." అన్నాడు. గొంతులో చైర్మన్ గిరీ అంతా దిగిపోయింది. "నాలుగు వేల రెండు వందలున్నయి. పద్నాలుగు లక్షలు లెవ్వు. మొన్ననే బయటికి పోయినయి."

"ఎవరికి?"

"పేరు కనవడ్తలేదు. ఖాతా నంబరే ఉన్నది."

నర్సింహ కోడలి మీదికి రెండడుగులు వేశాడు. సంహిత అడ్డం నిలబడింది. "బాపు, చెయ్యి లేస్తే నేను ఊకోను" అంది. ఆయన కూతురిని భుజం పట్టి పక్కకు తోశాడు. కృతిక వెనక్కి జరగలేదు. కళ్లనిండా నీళ్లున్నాయి, పెదవులు మాత్రం బిగించి ఉన్నాయి. ఎవరికో ఇచ్చిన మాట మీద నిలబడ్డ మనిషిలా ఉంది.

"చెప్పు! ఎవరికిచ్చినవ్? చెప్పకపోతే ఇగ ఈ ఇంట్ల..."

"దాన్ని అడిగి ఫాయిద లేదు."

ఆ మాటన్నది ప్రమీలాదేవి. గోనెసంచి మీంచి లేచి, చేతులకంటిన చింతపండు కొంగుకు తుడుచుకుంటోంది. మోకాళ్ల నొప్పితో లేవడానికి కొంచెం సేపు పట్టింది.

"ఇయ్యద్దని దానికి చెప్పింది నేను" అంది. "అది భయపడ్డది. మామయ్య చంపుతడు అత్తమ్మా అన్నది. నా పేరు చెప్పకు, తిడితే పడు, కొట్టొస్తే నేను మధ్యల నిలవడ్త అన్న. ఇప్పుడు నిలవడ్డ."

"నువ్వా?" నర్సింహకు భార్య వైపు ఎలా చూడాలో తెలియలేదు. నలభై ఒక్క ఏళ్లలో ఆమె ఎదురు మాట్లాడింది లేదు, ఆయన ఆమెను ఏమైనా అడిగిందీ లేదు. "నీకేం తెలుసని? ఇవి నా పైసలు. నా నౌకరి పైసలు. నా ముసలితనానికి నేను దాసుకున్న పైసలు."

"ముసలితనం మీ ఒక్కరికే వస్తదా? నాకు రాదా?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నర్సింహ తిట్టేసి ఉండేవాడు.

"మీరు నౌకరి చేసిన్రు. నేను మీ నౌకరికి అన్నం డబ్బా కట్టిన. ఊరూరికి బదిలీ అయితే సామాన్లు కట్టిన. గా పైసలల్ల నా ముసలితనం గూడ ఉన్నది. ఇయ్యాల పద్నాలుగు లక్షలు ఏడుగురికి తాగిపిస్తరు, తినిపిస్తరు. వచ్చే ఏడు ఇంకో ఎన్నిక అంటడు వీడు, ఇంకో పద్నాలుగు లక్షలు. ఎనభై లక్షలు ఎన్ని ఎన్నికలకు వస్తయి? అన్నీ అయిపోయినంక నేను మంచంల పడితే నన్నెవరు చూడాలె? చైర్మన్ చూస్తడా?"

"అమ్మా!" అన్నాడు శ్రీకాంత్.

"ఊకో నువ్వు. నిన్ను చెడగొట్టింది ఈయన గాదు, నేనే. అడిగినప్పుడల్లా అడ్డం పడకుండ ఊకున్న."

సంహిత తల్లి దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకోబోయింది. ప్రమీలాదేవి పట్టుకోనివ్వలేదు. ఈ ఇంట్లో ఏనాడూ తన వైపు మాట్లాడని తల్లి మీద సంహితకు ఇవాళ గర్వం కలగాలో కోపం రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

నర్సింహ చెయ్యి అడ్డంగా ఊపాడు. "నాటకాలు చాలు ప్రమీలా. పైసలెక్కడున్నయో చెప్పు. నేనే పోయి తెచ్చుకుంట."

"నా ఖాతల ఉన్నయి."

నర్సింహ నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది ఆయనకు. ఆయనకూ ఆమెకూ కలిపి ఉన్న మూడు బ్యాంకు పుస్తకాలూ ఆయన చేతి మీదే నడుస్తాయి. మూడింటిలోనూ ముందు పేరు ఆయనదే. ఏటీఎం కార్డులు ఆయన జేబులోనే ఉంటాయి. కూరగాయలకు కూడా ఆమె ఆయన దగ్గర చిల్లర తీసుకుని, మిగిలింది తిరిగి ఇస్తుంది.

"నీకు ఖాతా ఎక్కడిదే?"

"ఉన్నది" అంది ప్రమీలాదేవి. "పన్నెండేండ్ల సంది ఉన్నది. అండ్ల ఉన్నది ఈ పద్నాలుగు లక్షలు ఒక్కటే గాదు."